పనికిరానిదన్న తీర్పు

నూడుల్స్ చల్లార్చడానికి చాప్‌స్టిక్‌కు బిగించిన బుల్లి ఫ్యాను. వానలో బూట్లు తడవకుండా ఒక్కో బూటు కొసన నిలబెట్టిన చిన్న గొడుగు. పిల్లి ఇంట్లో తిరుగుతుంటే నేల దానంతటదే శుభ్రమయ్యేలా దాని నాలుగు పాదాలకూ తొడిగే తుడుపుగుడ్డ చెప్పులు. జపాన్‌లో ఇలాంటి వస్తువులను చిందోగు అంటారు. ఆ పేరు పెట్టి, వాటిని ఒక కళగా నిలబెట్టినవారు కెంజి కవాకామి. పోస్టు ద్వారా వస్తువులు తెప్పించుకునే పాఠకుల కోసం నడిచే ఒక పత్రికలో ఆయన సంపాదకవర్గంలో ఉండేవారు. పత్రికలో ఖాళీ మిగిలిన పేజీల్లో తాను తయారుచేసిన వింత పరికరాల ఫొటోలు వేయడంతో ఈ వ్యవహారం మొదలైంది. అమ్మకానికి పెట్టిన సరుకుల పక్కనే అమ్మకానికి లేని ఈ సరుకులూ కనిపించేవి. 1995లో నూటొక్క చిందోగులతో ఇంగ్లిషులో పుస్తకం వచ్చాక వాటి పేరు జపాన్ దాటింది.

చిందోగుకు పది నియమాలున్నాయి. వస్తువు నిజంగా తయారై ఉండాలి, కాగితం మీద బొమ్మ గీస్తే చాలదు. దాన్ని చేతిలోకి తీసుకుని వాడి చూడగలగాలి, కానీ వాడకంలో నిలదొక్కుకునేది మాత్రం కాకూడదు. అమ్మకూడదు. పేటెంటు తీసుకోకూడదు. దేనికీ ప్రచారంగా పనిచేయకూడదు. నవ్వించడం ఒక్కటే దాని ఉద్దేశం కాకూడదు; ఒక రోజువారీ ఇబ్బందిని తీర్చాలన్న నిజాయితీ అందులో ఉండాలి. ఈ కళకు ప్రాణం ఈ షరతులోనే ఉంది. ఫ్యాను బిగించిన చాప్‌స్టిక్ నూడుల్స్‌ను నిజంగానే చల్లారుస్తుంది. బూటు కొసన గొడుగు బూటును నిజంగానే కాపాడుతుంది. అయితే తీర్చే ఇబ్బంది కంటే తెచ్చిపెట్టే ఇబ్బంది ఎక్కువ. ఫ్యానుకు బ్యాటరీ కావాలి, తిన్నాక కడగాలి, నలుగురిలో కూర్చుని అలా తినడానికి ధైర్యం కావాలి. ప్రతి ఆలోచననూ సరుకుగా మార్చి అమ్మే సంస్కృతిని కవాకామి గట్టిగా వ్యతిరేకించారు. తన వస్తువులకు పేటెంట్లు తీసుకోకపోవడం ఆయనకు నియమపాలన మాత్రమే కాదు, నమ్మకం కూడా.

పనికొచ్చే వస్తువుకూ పనికిరాని వస్తువుకూ మధ్య ఒక గీత ఉందని, అది అందరికీ కనిపిస్తుందని నమ్మినప్పుడే ఇదంతా సాగుతుంది. ఆ గీత మాత్రం ఉన్నచోట ఉండదు. కవాకామి పుస్తకమే దానికి సాక్ష్యం. పాకే పసిబిడ్డ నేల తుడిచేలా మోచేతుల దగ్గర, మోకాళ్ల దగ్గర కుచ్చులు కుట్టిన దుస్తులు అందులో కనిపిస్తాయి. తర్వాతి కాలంలో అలాంటి దుస్తులను నిజంగానే కుట్టి ఇంటర్నెట్‌లో అమ్మారు, కొన్నవాళ్లూ ఉన్నారు. ఇంతకన్నా పెద్ద సాక్ష్యం మరొకటి ఉంది. కొసన కెమెరా బిగించిన పొడవాటి కర్ర. ఫొటో తీసే మనిషి తానూ ఫొటోలో పడడానికి ఉద్దేశించినది. పనికిరాని వస్తువుల పుస్తకంలో దానికి చోటు దొరికిందంటే, 1995లో దాన్ని చూసినవాళ్లు ఎలా తీసుకున్నారో ఊహించడం కష్టం కాదు. ఇరవై ఏళ్లు తిరక్కుండానే అదే కర్ర తీర్థయాత్రల్లో, బీచుల్లో, పెళ్లి మండపాల్లో కనిపించసాగింది. 2014లో అమెరికా పత్రిక టైమ్ ఆ ఏటి మేటి ఆవిష్కరణల్లో సెల్ఫీ స్టిక్‌ను చేర్చింది.

ఆ కర్రకు చిందోగు పుస్తకం కంటే ముందే ఒక చరిత్ర ఉంది. మినోల్టా కెమెరా కంపెనీలో పనిచేసిన హిరోషి ఉయేదాకు ఫొటోలంటే ఇష్టం, విదేశాలు తిరగడమన్నా ఇష్టం. భార్యతో కలిసి యూరప్ వెళ్తే ఇద్దరూ ఉన్న ఫొటో తీసే మనిషి దొరకడం కష్టమయ్యేది. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం దగ్గర ఒక పిల్లవాణ్ని ఫొటో తీయమని అడిగితే, వాడు కాస్త దూరం నడిచి కెమెరాతో సహా పారిపోయాడు. ఈ సంగతి ఆయనే తర్వాత బీబీసీకి చెప్పారు. ఆ ఇబ్బందిలోంచి పొడవు పెంచుకోగల కర్ర పుట్టింది. తన ముఖం ఫ్రేములో ఉందో లేదో చూసుకోవడానికి కెమెరా ముందు భాగాన చిన్న అద్దం పెట్టారు. 1983లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. మినోల్టా దాన్ని డిస్క్ కెమెరాతో పాటు మార్కెట్‌లోకి తెచ్చింది. అది అమ్ముడుపోలేదు.

కారణాలు చూస్తే కర్రలో లోపం కనిపించదు. డిస్క్ ఫిల్ము నెగెటివ్ చాలా చిన్నది. పెద్దది చేయిస్తే ఫొటో మసకబారి, రేణువులు రేణువులుగా కనిపించేది. తల తెగిందో, కళ్లు మూసుకుపోయాయో ఫిల్ము కడిగించి ప్రింట్లు వేయించేదాకా తెలిసేది కాదు, పాడైన ప్రతి ఫొటోకూ డబ్బు దండగ. వీటన్నిటి కంటే బలమైన కారణం ఇంకొకటి ఉంది. మినోల్టా జరిపిన పరీక్షల్లో ఆడవాళ్లు తమ ఫొటో తామే తీసుకోవడానికి సిగ్గుపడ్డారు. ఫొటో అంటే మరొకరు తీసేది. దారిన పోయే మనిషిని అడగడం మామూలు, తనకు తానే తీసుకోవడం వింత. ఆ తర్వాత ముందువైపు కెమెరా ఉన్న ఫోన్లు వచ్చాయి. ఫొటో ఎలా పడుతుందో నొక్కకముందే కనిపించింది, చెడిపోయినదాన్ని ఖర్చు లేకుండా చెరిపేయగలిగారు, తీసినదాన్ని చూపించుకోవడానికి చోటు దొరికింది. క్రమంగా సిగ్గు దిశ మార్చుకుంది. తెలియని మనిషిని పిలిచి ఫోను చేతికివ్వడానికే జనం మొహమాటపడడం మొదలుపెట్టారు. 2003లో ఉయేదా పేటెంటుకు కాలం తీరింది. దాదాపు అదే సమయంలో కెనడాకు చెందిన వేన్ ఫ్రామ్ తన సొంత ఆలోచనతో అలాంటి కర్రనే తయారుచేసి పేటెంటు కోరారు. పేటెంటుకు గడువు ఉంటుంది, అవసరం పుట్టడానికి మాత్రం గడువు లేదు. ఆ రెండూ ఒకదానికొకటి అందకుండా పోవడం ఉయేదా విషయంలో నిజంగా బాధ కలిగించే సంగతి. ఆయన మాత్రం చేదు లేకుండానే, అది తెల్లవారక ముందే లేచిన ఆవిష్కరణ అన్న భావంతో మాట్లాడారు.

తీర్పు అంతటితో ఆగలేదు. 2015 నాటికి వెర్సాయ్ రాజభవనం, లండన్ నేషనల్ గ్యాలరీ, వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియాలు, డిస్నీ పార్కులు ఈ కర్రను లోపలికి రానివ్వబోమన్నాయి. పనికిరానిది పనికొచ్చేదై, అక్కణ్నుంచి అడ్డమొచ్చేదిగా మారడానికి పట్టిన కాలం తక్కువే.

కాలానికి ముందే పుట్టడం ఒక రకమైన ఓటమి. సరైన కాలంలో, నిజమైన అవసరానికే పుట్టి ఓడిపోవడం ఇంకో రకం. అన్నం వండే కరెంటు పాత్ర కథలో ఈ రెండో ఓటమి, దాని వెనకే వచ్చిన గెలుపు రెండూ ఉన్నాయి. యుద్ధం ముగిసిన 1945లో టోక్యోలో ఫ్యాక్టరీలు ఆగిపోయి కరెంటు మిగిలిపోతోంది. మసారు ఇబుకా అనే ఇంజినీరు ఒక డిపార్ట్‌మెంటు స్టోరు భవనంలో చిన్న సంస్థ పెట్టారు. అదే తర్వాత సోనీ అయింది. వాళ్లు చెక్క తొట్టె ఒకటి చేసి, దాని అడుగున అల్యూమినియం పలకలు అమర్చారు. బియ్యం, నీళ్లు పోసి స్విచ్చి వేస్తే కరెంటు నీళ్లలోంచే పారి వేడి పుట్టిస్తుంది. నీళ్లు ఇగిరిపోగానే కరెంటుకు దారి తెగి పొయ్యి తానే ఆరిపోయినట్టవుతుంది. వేడిచేసే తీగ లేదు, స్విచ్చి ఆపే యంత్రాంగం లేదు. ఆలోచనగా ఇది చాలా అందమైనది. అన్నం మాత్రం ఒకసారి పలుకుగా, ఒకసారి చిమిడిపోయి వచ్చేది. యుద్ధానంతర జపాన్‌లో దొరికే బియ్యం ఒక రకానివి కావు. బియ్యాన్ని బట్టి, పోసిన నీటిని బట్టి ఫలితం మారిపోయేది. వంద దాకా తయారుచేసిన ఆ తొట్టెలు సోనీ చరిత్రలో తొలి వైఫల్యంగా మిగిలిపోయాయి.

పదేళ్ల తర్వాత, 1955 డిసెంబరులో, తోషిబా కంపెనీ తెచ్చిన కుక్కర్ నిలబడింది. దాని వెనక ఉన్నది తోషిబాకు సరుకు తయారుచేసి ఇచ్చే ఒక చిన్న ఫ్యాక్టరీ యజమాని, యోషితదా మినామి. ఆయన భార్య ఫుమికో రోజుల తరబడి అన్నం వండి కొలతలు తీసింది. ఏ వేడిలో, ఎంతసేపు, ఎన్ని నీళ్లతో వండితే గింజ లోపలిదాకా ఉడుకుతుందో, ఎప్పుడు అడుగంటుతుందో రాసిపెట్టింది. నీళ్లు మరగడం మొదలయ్యాక 20 నిమిషాల పాటు ఆ వేడి నిలిస్తే అన్నం బాగా కుదురుతుందని తేలింది. బయట చలిగా ఉన్నా, ఎండగా ఉన్నా ఆ 20 నిమిషాలను కొలిచేదెలా? గడియారం పెట్టినా లాభం లేదు, ఎందుకంటే నీళ్లు మరగడానికి పట్టే సమయం ప్రతిసారీ మారుతుంది. మినామి పాత్రలో పాత్ర పెట్టారు. బయటి పాత్రలో ఒక కప్పు నీళ్లు పోస్తే అవి ఆవిరైపోవడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుంది. నీళ్లున్నంతసేపూ వేడి 100 డిగ్రీలు దాటదు. అవి అయిపోయిన క్షణాన పాత్ర వేడి ఒక్కసారిగా పైకి పోతుంది. రెండు లోహాలు అతికించిన పట్టీ ఆ వేడికి వంగి కరెంటును ఆపేస్తుంది. ఆ కప్పు నీళ్లే గడియారం.

కుక్కర్ ధర 3,200 యెన్లు, అప్పట్లో చిన్న మొత్తం కాదు. తొలి విడతలో 700 మాత్రమే తయారుచేశారు. నాలుగైదేళ్లు తిరిగేసరికి జపాన్ ఇళ్లలో సగం దాకా ఈ వస్తువు చేరింది. ఇబుకా తొట్టెకూ మినామి కుక్కర్‌కూ మూల సూత్రం ఒక్కటే: నీళ్లు అయిపోవడమే వంట అయిపోయిందనడానికి గుర్తు. తేడా అంతా వంటింటి నుంచి తెచ్చుకున్న జ్ఞానంలో ఉంది. తొట్టె చేసినవాళ్లకు కరెంటు తెలుసు. కుక్కర్ చేసినవాళ్లకు అన్నం తెలుసు. ఆ తెలివి ఫుమికోది. ఆవిష్కర్తల పట్టికల్లో ఆమె పేరు ఇంకా పెద్ద అక్షరాలతో ఉండాల్సింది.

తర్వాతి కుక్కర్లకు బయటి నీళ్లూ అక్కర్లేకుండా పోయాయి. గిన్నె అడుగున ఒక చిన్న అయస్కాంతం, స్ప్రింగు ఉంటాయి. ఆ అయస్కాంతాన్ని పట్టుకునే ప్రత్యేక లోహమిశ్రమం 100 డిగ్రీలు కాస్త దాటగానే ఆకర్షణ కోల్పోతుంది. అన్నంలో తడి ఉన్నంతసేపూ ఆ వేడి రాదు. తడి ఇంకిపోగానే వేడి పెరిగి, పట్టు వదిలి, స్ప్రింగు మీటను కిందికి తోస్తుంది. తెలుగు వంటిళ్లలో ‘టక్’మని వినిపించే చప్పుడు అదే. గంజి వార్చే అలవాటున్న ఇళ్లలో ఈ పాత్ర వంట పద్ధతినే మార్చింది, ఎందుకంటే దీనికి అత్తెసరు తప్ప మరో దారి తెలియదు. గంజితో పాటు చీరలకు గంజి పెట్టడం, పశువుల కుడితిలో కలపడం వంటి పనులకూ ఆ ఇంట చోటు తగ్గింది. కొత్త బియ్యానికి నీళ్లు తగ్గించాలని, పాత బియ్యానికి పెంచాలని మాత్రం కుక్కర్‌కు ఇప్పటికీ తెలియదు. ఆ కొలత గ్లాసు పట్టుకున్న చేతిదే.

ఊరు మారితే వస్తువు పనికిరానిదయ్యే సందర్భం కూడా వంటింట్లోనే దొరుకుతుంది. యూరప్‌లో తయారైన మిక్సీలు మన దేశానికి వచ్చినప్పుడు అవి చెడ్డ యంత్రాలేమీ కావు. పండ్ల రసం, కేకు పిండి కలపడానికి చేసినవి. మినప్పప్పు, ఎండు కొబ్బరి, పసుపు కొమ్ములు వాటి ముందు పెడితే మోటారు కాలిపోయేది. సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజినీరు ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. భార్య మాధురి వాడుతున్న జర్మనీ మిక్సీ చెడిపోతే, బాగుచేయించుకునే దారి లేక, మన పప్పులకు తట్టుకునే బలమైన మోటారుతో ఆయన సొంతంగా ఒకటి రూపొందించారు. అలా వచ్చినదే సుమీత్ మిక్సీ. రుబ్బురోలు పని కోసం కోయంబత్తూరులో 1950లలోనే విడిగా గ్రైండరు పుట్టింది. ఆ ఊరి వెట్ గ్రైండరుకు తర్వాత భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. రుబ్బురోట్లో పొత్రం తిప్పే పని ఆడవాళ్ల భుజాల మీద ఎంత బరువుగా ఉండేదో చూసినవాళ్లకు, ఈ రెండు యంత్రాలనూ చిన్న సౌకర్యాలుగా కొట్టిపారేయడానికి మనసొప్పదు.

వస్తువు చుట్టూ ఉన్న లోకమే దాన్ని నిలబెడుతుందన్న మాట నిజమైతే, ఆ లోకం ఎప్పటికీ సిద్ధం కాకపోవచ్చన్నదీ నిజమే. 2001 డిసెంబరులో అమెరికాలో డీన్ కామెన్ ప్రదర్శించిన సెగ్వే ఇందుకు ఉదాహరణ. రెండు చక్రాల మీద మనిషి నిలబడతాడు; ముందుకు వంగితే ముందుకు పోతుంది, వెనక్కి వాలితే ఆగుతుంది. గైరోస్కోపులు మనిషి తూకాన్ని క్షణక్షణం కొలిచి చక్రాలను సర్దుతుంటాయి. మెట్లెక్కగల చక్రాల కుర్చీ మీద కామెన్ అంతకుముందు చేసిన పనిలోంచి వచ్చిన సాంకేతికత అది, నిజంగా మెచ్చదగ్గది. నగరాల రూపే మారిపోతుందని, కారు గుర్రబ్బండిని పక్కకు నెట్టినట్టు ఇది కారును నెడుతుందని ఆశించారు. ధర 5,000 డాలర్లకు దగ్గర. ఫుట్‌పాత్ మీద నడిచేవాళ్లకు ఇది మరీ వేగం, రోడ్డు మీద కార్లకు ఇది మరీ నెమ్మది. శాన్‌ఫ్రాన్సిస్కో దీన్ని ఫుట్‌పాత్‌ల మీద నిషేధించింది. 2020లో తయారీ ఆగేనాటికి సుమారు 1,40,000 అమ్ముడయ్యాయి, ఎక్కువగా పోలీసులకు, కాపలాదార్లకు, పర్యాటక సంస్థలకు. సెగ్వేకు కావలసింది కొత్త కొనుగోలుదారు కాదు, మధ్యలో ఇంకో దారి ఉన్న వేరే నగరం. సెల్ఫీ స్టిక్‌కు కావలసిన లోకం ఇతరుల పుణ్యమా అని దానంతటదే వచ్చింది. సెగ్వేకు కావలసిన లోకాన్ని మునిసిపాలిటీలు తవ్వి, కట్టి ఇవ్వాలి. ఒక వస్తువు కోసం ఎవరూ ఆ పని చేయరు. అయినా ఆ కంపెనీని 2015లో కొన్న చైనా సంస్థ నైన్‌బాట్, నిలబడి నడిపే చవకైన ఎలక్ట్రిక్ స్కూటర్లు చేసి ప్రపంచ నగరాల్లోకి పంపింది. మూలవస్తువు ఓడినా దాని వారసత్వం పూర్తిగా పోలేదు.

ఏ లోకం వచ్చినా నిలబడని వస్తువులూ ఉంటాయి, వాటిని గుర్తించడం అవసరం. జ్యూసెరో అలాంటిది. 2016లో అమెరికాలో 699 డాలర్లకు వచ్చిన ఈ యంత్రం పండ్ల రసం పిండుతుంది, అయితే పండ్లను పెట్టి కాదు. కంపెనీ అమ్మే, ముందే తరిగిన ముక్కలున్న సంచీలనే ఇది నొక్కుతుంది. సంచీ మీది గుర్తును యంత్రం చదివి, వైఫై ద్వారా కంపెనీతో సరిచూసుకుని, గడువు దాటిన సంచీని నిరాకరిస్తుంది. పెట్టుబడిదారులు దాదాపు 12 కోట్ల డాలర్లు పెట్టారు. 2017 ఏప్రిల్‌లో బ్లూమ్‌బర్గ్ విలేఖరులు అదే సంచీని చేత్తో పిండి చూశారు. యంత్రానికి పట్టినంత సమయంలోనే దాదాపు అంతే రసం వచ్చింది. ఆ సెప్టెంబరులో కంపెనీ మూతపడింది. యంత్రం లోపలి పనితనం గొప్పది. విప్పి చూసిన ఇంజినీర్లు లోహపు భాగాల నాణ్యతను, బలాన్ని చూసి ఆశ్చర్యపోయారు. అదంతా ఏ ఇబ్బంది కోసమో మాత్రం కనిపించదు. చాప్‌స్టిక్ మీది ఫ్యానుకైనా వేడి నూడుల్స్ అనే నిజమైన ఇబ్బంది ఉంది. జ్యూసెరోకు అదీ లేదు: తను అమ్మే సంచీయే తను తీర్చే సమస్య. కవాకామి నియమాల ప్రకారం చూసినా అది చిందోగు స్థాయిని అందుకోలేదు, ఎందుకంటే దాన్ని అమ్మడానికే చేశారు.

చట్టం ఈ విషయంలో ఏమంటుందో కూడా చూడాలి. భారత పేటెంట్ల చట్టం, 1970లోని మూడో సెక్షన్, పనికిమాలిన ఆవిష్కరణకు, ప్రకృతి నియమాలకు స్పష్టంగా విరుద్ధమైనదానికి పేటెంటు ఇవ్వకూడదంటుంది. మిగతావాటికి చట్టం అడిగే ప్రశ్నలు మూడు: కొత్తదా, తెలిసినవాళ్లకు తట్టని ముందడుగు ఉందా, పరిశ్రమలో తయారుచేయడానికో వాడడానికో వీలవుతుందా. జనం దాన్ని కోరుకుంటారా అని చట్టం అడగదు. అలా అడగకపోవడమే న్యాయం. 1983లో ఆ ప్రశ్న వేసి ఉంటే ఉయేదా కర్ర అక్కడే ఆగిపోయేది. మన దేశంలో పేటెంటుకు ఇప్పుడు 20 ఏళ్ల గడువు. ఆ తర్వాత ఆవిష్కరణ అందరిదీ అవుతుంది. ఆవిష్కర్తకు ఇది నష్టమనిపించినా, వస్తువుకు మాత్రం ఇది రెండో జన్మకు తలుపు. ఒకరి చేతిలో ఓడిపోయినదాన్ని మరొకరు తీసుకుని వేరే కాలంలో ప్రయత్నించవచ్చు.

ఈ రెండో జన్మే ఇప్పుడు ప్రమాదంలో పడింది. ఉయేదా కర్ర అమ్ముడుపోకపోయినా కర్రగానే ఉండిపోయింది. అటక మీద ఇరవై ఏళ్లు పడి ఉన్నా, దించి కెమెరా బిగిస్తే పనిచేస్తుంది. 1979లో సోనీ తెచ్చిన వాక్‌మన్‌ను రికార్డింగు లేని టేప్ రికార్డరు ఎవరు కొంటారని కంపెనీలోనే అనుమానించారు. తొలి 30,000 వాక్‌మన్‌లలో మొదటి నెల అమ్ముడైనవి కొద్దివే. మరుసటి నెలకల్లా సరుకు అయిపోయింది. ఒకవేళ కాకున్నా, దుకాణాల అరల్లో ఆ యంత్రం తన గిరాకీ కోసం ఎదురుచూడగలిగేది. ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉన్న సర్వరు మీద ఆధారపడే కొత్త పరికరాలకు ఆ ఓపికకు వీలు లేదు. 2024 ఏప్రిల్‌లో అమెరికాలో హ్యూమేన్ సంస్థ ఏఐ పిన్ అనే వస్తువు తెచ్చింది. చొక్కాకు తగిలించుకుని మాటలతో పని చెప్పే, అరచేతి మీద అక్షరాలు వెలుగుతో చూపించే చిన్న పరికరం. ధర 699 డాలర్లు, పైగా నెలకు 24 డాలర్లు. వేడెక్కేది, నెమ్మదిగా జవాబిచ్చేది, ఒక్కోసారి తప్పు చెప్పేది. ఏడాది తిరక్కముందే కంపెనీ తన సాంకేతికతను హెచ్‌పీకి అమ్మేసింది. 2025 ఫిబ్రవరి 28న సర్వర్లు ఆగాయి. ఆ రోజు నుంచి కొన్నవాళ్ల దగ్గర మిగిలింది పనిచేయని లోహపు ముక్క. కారులో పాటలు వినడానికి స్పాటిఫై అమ్మిన చిన్న తెర పరికరం కార్ థింగ్‌ను కూడా 2024 డిసెంబరులో కంపెనీయే ఆపేసింది. అందులో ఏ భాగమూ చెడిపోలేదు.

హ్యూమేన్ ఆలోచన తప్పా, లేక ఉయేదాది వంటి తొందరా అన్నది ఇప్పుడే చెప్పడానికి వీల్లేదు. తెర చూడకుండా యంత్రంతో మాట్లాడాలన్న కోరిక నిజమైనదే కావచ్చు. పదేళ్ల తర్వాత ఎవరైనా ఆ పిన్‌ను చేతిలోకి తీసుకుని ఇంకోలా ప్రయత్నించే అవకాశం ఉండాలి. దాన్ని కంపెనీలే మూసేస్తున్నాయి. ఇది కొన్నవాళ్ల డబ్బు నష్టం మాత్రమే కాదు. ఆవిష్కరణల చరిత్రలో ఓడిపోయిన వస్తువులు ముడిసరుకు. ఇబుకా తొట్టె లాంటివి అందరి కళ్ల ముందూ ఉండబట్టే ఏది కుదరదో తర్వాతివాళ్లకు తెలుస్తుంది. సేవ ఆపేసే కంపెనీ, పరికరాన్ని మరొకరు నడుపుకోవడానికి వీలుగా తాళం తీసి పోవాలన్న నియమం వస్తే, దానివల్ల కంపెనీకి పోయేది చాలా తక్కువ.

తాళం తీస్తే ఏమవుతుందో ఒక చేతి గడియారం చూపించింది. 2012లో కిక్‌స్టార్టర్ వేదిక మీద జనం కోటి డాలర్లకు పైగా ముందే చెల్లించి తయారుచేయించుకున్న పెబుల్, స్మార్ట్‌వాచీల్లో తొలితరానిది. నలుపు తెలుపు తెర, వారం దాకా నిలిచే బ్యాటరీ. పెద్ద కంపెనీలు రంగుల తెరలతో వచ్చాక అది వెనకబడింది. 2016లో దాని సాఫ్ట్‌వేరును ఫిట్‌బిట్ కొనేసింది. 2018లో సేవలు ఆపేసింది. వాచీ వదులుకోవడానికి ఇష్టపడని వినియోగదార్లు రెబుల్ అనే బృందంగా ఏర్పడి, ఆగిపోయిన సర్వర్ల పనిని తామే చేసుకుంటూ ఏళ్ల తరబడి ఆ గడియారాలను నడిపించారు. ఫిట్‌బిట్‌ను తర్వాత గూగుల్ కొన్నది. 2025 జనవరిలో గూగుల్ పెబుల్ సాఫ్ట్‌వేరును అందరూ వాడుకునేలా బయటపెట్టింది. పెబుల్ స్థాపకుడు ఎరిక్ మిగికోవ్‌స్కీ ఆ సాఫ్ట్‌వేరుతోనే కొత్త గడియారాలు తయారుచేస్తానని ప్రకటించి, అదే ఏడాది అమ్మకానికి తెచ్చారు. రోజూ చార్జింగు పెట్టే పని తప్పుతుందన్న కారణంతో వాటిని ముందే డబ్బు కట్టి తెప్పించుకున్నవాళ్లు ఉన్నారు.